ఐదో ఎరుపు

శుక్రవారం రెండింటికి నాకు సెలవు,
ఆరింటికి మళ్ళీ గేటు దగ్గరుండాలి.
మధ్యలో బస్సు ఒక గంటన్నర తినేస్తుంది.
బయట దుమ్ము లేచింది. సాల్మియా అంతా
ఎవరో పిండి జల్లించి చెయ్యి దులుపుకోకుండా పోయినట్టుంది.
నేనూ ఓబులమ్మా మాల్‌లోకి దూరాం.
కొనడానికి కాదు, చల్లగా ఉంటుందని.

గాజుబల్ల వెనకనుంచి ఒక ఫిలిప్పీన్ పిల్ల
"ట్రై చేయండి మేడమ్" అంది.
ఓబులమ్మ వెనక్కి తిరిగి చూసింది,
మేడమ్ ఎవరొచ్చారా అని.
ఎవరూ లేరు. మేమే.

బంగారు గొట్టం. మూత తీస్తే వచ్చిన చప్పుడు
మా బాబా కారు తలుపు చప్పుడే.
ఖరీదైనవన్నీ మెత్తగా మూతపడతాయి కాబోలు.

మణికట్టు మీద ఒక్కో గీత గీసింది.
మొదటిది, ఎండుమిరప చీల్చి గింజలు దులిపాక
లోపల మిగిలే ఎరుపు.
రెండోది గోంగూర కాడ.
మూడోదాన్ని చూసి ఓబులమ్మ,
"గ్యాసు సిలిండ్రు గదమ్మే ఇది!" అంది.
ఇద్దరం నవ్వాం. మాట అర్థం కాకపోయినా
ఆ పిల్ల కూడా నవ్వింది, పేరు మారివిక్ అట.

నాలుగోది నాకు ముందే తెలుసు.
మా మామా తాగి వదిలిన ఇస్తికానాల అంచున
ఆరేళ్ళుగా నేను తోముతున్న ఎరుపు.
సబ్బుకు లొంగదు.
ఉప్పేసి, నిమ్మచెక్కతో రుద్దాలి.
దాని పేరు ఇవాళ తెలిసింది,
మొండితనం మాత్రం ఎప్పుడో తెలుసు.

"పెదాలకు ముందు చర్మం మెత్తబడాలి" అని
నా కుడిచేతి వెనక
శనగగింజంత తెల్లటి ముద్ద పెట్టింది మారివిక్.
బియ్యప్పిండి ఉందట అందులో. ఫ్రాన్సు నుంచి వచ్చిందట.
మా అమ్మ సున్నిపిండి గుర్తొచ్చింది.
ఆదివారం ఆ నలుగుకి ఒళ్ళు మండి
ఆముదం కారుతూ వీధిలోకి పారిపోయేదాన్ని.
ఇది అలా కాదు,
"రుద్దనా?" అని అడిగి అడిగి రుద్దుతున్నట్టుంది.
"చచ్చిన చర్మం పోతుంది మేడమ్, లోపలిది బతికినది."

అరచెయ్యి తిప్పబోయింది. ఇవ్వలేదు.

మొన్న బతాకా ఆఫీసులో
ఈ వేళ్ళే మిషను మీద పెట్టాను.
ఎర్రలైటు. తుడిచి పెట్టాను. ఎర్రలైటు.
క్రీము రాసి, ఊది, నొక్కి పెట్టాను.
"గీతల్లేవు" అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే.
క్లోరాక్సు నీళ్ళు ఆరేళ్ళపాటు
నేల మరకలతోపాటు నా గీతలు కూడా తుడిచేశాయి.
నేను ఎవరో ఆ మిషనుకు తెలియలేదు.
ఇంటి పేరు చెప్తానన్నాను. వినే మిషను కాదట.

ఐదోది మారివిక్ తనే ఏరింది.
కొన చెక్కి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త కుంచె తీసి
నా గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుంది.
పళ్ళ డాక్టరు తప్ప
ఇంత దగ్గరగా నన్ను చూసినవాళ్ళు లేరు ఈ దేశంలో.
ఊపిరి ఎటు వదలాలో తెలియలేదు.

పద్నాలుగు దీనార్లు.
అంటే నాలుగు రోజుల నేను.
"అద్దంలో చూడండి" అంది. చూశాను.
ఓబులమ్మ మాత్రం ఏమీ అనలేదు,
నా కొంగు సర్దింది, అంతే.

టిష్యూ ఇచ్చి పెదాలతో అద్దమంది. అద్దాను.
తెల్ల కాగితం మీద గీతలు!
నిలువుగా, వంకరగా, ఒకదానికొకటి తగలకుండా,
కరువులో పగిలిన మా చెరువులా,
ఎన్నో గీతలు.
క్లోరాక్సు ఇక్కడిదాకా రాలేదు.
మడిచి బతాకా పక్కన పర్సులో పెట్టాను.
మారివిక్ చూసింది, చెత్తబుట్ట చూపించబోయి ఆగింది.

బస్టాపులో దుమ్మంతా వచ్చి పెదాల మీదే వాలింది.
ఓబులమ్మ ఫర్వానియా బస్సెక్కింది.
గేటు దగ్గర ముంజేత్తో గట్టిగా తుడుచుకున్నాను.
పూర్తిగా పోలేదు.

ఉప్పు ఏ డబ్బాలో ఉందో, నిమ్మకాయలు ఏ అరలో ఉన్నాయో
ఈ ఇంట్లో నాకంటే తెలిసినవాళ్ళు లేరు.
తొందరేముంది.