శేషం ఒకటి

బేజా ఊళ్ళో కొత్త చౌకుకి రాళ్లు దిగిన రోజు
లెక్క రాసింది నేనే.
ఐదు లక్షల పదివేల ఐదువందల పదకొండు.
మేస్త్రీ బెల్మీరో నా కాగితం చూసి నవ్వాడు.
"ఒకటి ఎక్కువ రాశావు, ఇదలీనా.
ఏడువందల పద్నాలుగు వరుసలు,
వరుసకి ఏడువందల పదిహేను.
గుణించి చూడు, చివర సున్నా రావాలి."
వచ్చింది.
రాయి మాత్రం మిగిలింది, గుప్పిట్లో పట్టేంత, తెల్లగా.
"పారెయ్," అన్నాడు.
పారేయలేదు. రసీదుల మీద బరువుగా పెట్టుకున్నాను.

ఆ రాత్రి లెక్కల పుస్తకం వెనకట్ట మీద
రెండుతో భాగించాను. ఒకటి మిగిలింది.
మూడుతో, ఒకటి. ఐదుతో, ఒకటి.
ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు
ఒకరి వెనక ఒకరు తలుపు తట్టి
అదే ఒక్కటి గడప మీద పెట్టి వెళ్లారు.
పెట్టరా మరి? ఆ ఏడుగురినీ గుణిస్తేనే గదా
మేస్త్రీ గారి నిండు లెక్క!
ఇది కొరకరాని కొయ్యే అనుకున్నాను.
ప్రధాన సంఖ్య అని పెద్దగా రాసి
కింద రెండు గీతలు గీశాను.
ఎవరి మాటా వినని మా మేనత్త ఫిలోమెనా గుర్తొచ్చింది.

పంతొమ్మిది దగ్గర గీతలు చెరపాల్సి వచ్చింది.
నిశ్శేషం.
పంతొమ్మిది, తొంభై ఏడు, రెండువందల డెబ్బై ఏడు,
ముగ్గురూ ఎవరికి వారు మొండివాళ్లే,
ఒక్కొక్కరు ఒక్కసారే వచ్చారు.
మేనత్త పోయిన రోజున కూడా
మేమెన్నడూ చూడని ముగ్గురు ఆడవాళ్లు
మంచం పక్కన కూర్చుని ఉన్నారు.

తనని వదిలేసి భాజకాలన్నీ పోగేస్తే
ముప్పై నాలుగు వేల మూడువందల అరవై తొమ్మిది.
పరిపూర్ణానికి దరిదాపుల్లో లేదు.
న్యూన సంఖ్య అంటారట.
ఆ పేరు పెట్టినవాడు జీతాల రోజున
మా కవరు తెరిచి చూశాడో లేదో.

తెల్లారి పురపాలక ఇంజినీరు కబురు పంపాడు:
చౌకంటే నాలుగు పక్కలూ ఒక్కటే,
ఒక వరుస ఎక్కువైతే ఒప్పుకోను.
బెల్మీరో టోపీ తీసి నేలకేసి కొట్టాడు.
నేను వెనకట్ట మళ్ళీ తిప్పాను.

తొంభై ఏడు రెండు చతురస్రాల్లో ఒదుగుతుంది,
తొమ్మిది తొమ్మిదులు, నాలుగు నాలుగులు.
రెండువందల డెబ్బై ఏడుకీ అభ్యంతరం లేదు.
పంతొమ్మిదే మెడ వంచదు.
ఎనిమిదితో భాగిస్తే ఏడు మిగిలే రకం గనక
మూడింట్లోనూ ఇమడదు.
నాలుగు కావాలి. అంతకు తక్కువ కుదరదు.

పెద్ద చౌకు, ఏడువందల పద్నాలుగుకి అంతే.
మిగిలిన వరుసా, నా రసీదుల మీది రాయీ కలిపి
ఇరవై ఐదుకి ఇరవై ఐదు, బడి ముందర.
తొమ్మిదికి తొమ్మిది, రొట్టెల కొట్టు గుమ్మంలో.
మూడుకి మూడు, కుళాయి కింద.

ఆ చివరి చోట బెల్మీరో తనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.
ఎనిమిది రాళ్లు పరిచి
తల ఎత్తకుండా చెయ్యి చాపాడు.
ఇచ్చాను.
సుత్తి రెండు దెబ్బలు.

ఇవాళ నా రసీదులు గాలికి ఎగురుతున్నాయి.