పిట్టల వాటా

పలాసలో గింజకే ధర.
జీడిపండు మాత్రం తోటలోనే కుళ్ళి
ఈగలకి పెళ్ళిభోజనం.

ఈ ఏడు తవిటమ్మ దాన్ని పిండింది.
గంజి పోసి వగరు విరిచి
మూడు రాత్రులు కుండలో పులియనిచ్చి
పాత సోడా సీసాలకి పట్టింది.
కాగితం మీద మనవడు గీసిన గూడబాతు
అచ్చం పెరటి బాతులా ఉంది.

సీసా నలభై.
అందులో పది పిట్టలదట,
తేలినీలాపురం చింతల కింద వలకి,
గూడు జారిన పిల్ల నేల తాకకుండా.
ఇంకో అయిదు బైరాగి జముకుకి.
తోలు పగిలి మూడేళ్ళు,
అతని కథ ఒంటి గొంతుతో కుంటుతోంది.

"పిట్టలెగిరెల్లిపోనాయి కదే,
యీ యెండల్లో వల యెవులికే?"
బస్టాండులో ఒకడు బేరమాడాడు.
"పురుడైపోనాదని
మంచం ఇరగ్గొట్టీస్తామేటి బావూ,
మళ్ళీ కాన్పుకి రారేటి?"
అంది, చిల్లర ఇవ్వకుండానే.

నేనూ ఒకటి కొన్నాను.
మొదటి గుక్క తీపి.
తర్వాత గొంతులో సన్నటి గీర.
చొక్కా మీద ఒలికిన చుక్క
ఎన్ని ఉతుకులకీ పోలేదు.

అక్టోబరు.
ఆకాశం కేసి చూస్తూ
ఆ మరకే తడుముకుంటున్నాను.
వల కట్టారట.
జముకు ఇంకా మోగలేదు.