ముప్పై అయిదు అడుగులు

ఏడాదికొకసారి వెళ్తాను,
ఏప్రిల్లో, మంచు కరిగాక, మొక్కజొన్న వెయ్యకముందు.
కౌంటీ వాళ్ళ తెల్ల ట్రక్కు, టేపు, రబ్బరు బూట్లు.
పక్క సీట్లో ఫైలు:
టాలక్‌సన్ పొలం, హాల్వర్ ఏటి పక్కన, నూట పన్నెండు ఎకరాలు,
ఎప్పటికీ ఇళ్ళ ప్లాట్లు కాకూడదని రాసిచ్చిన భూమి.
"ఎప్పటికీ" పక్కనే నోటరీ ముద్ర.
ఆ ఎప్పటికీ ఇంకా నడుస్తోందో లేదో
చూసి రావడం నా ఉద్యోగం.

ఏటి గట్టు నుంచి ముప్పై అయిదు అడుగులు
నాగలి తగలకూడదు, పేడనీళ్ళు పడకూడదు.
గడ్డో, విల్లో చెట్టో, ఏది మొలిస్తే అది.
పండించనందుకు కౌలు, ప్రతి అక్టోబరులో చెక్కు.
కంచె చేను మేస్తోందేమో చూడ్డానికి నన్ను పెట్టారు,
నన్ను చూడ్డానికి కమిటీని,
కమిటీని చూడ్డానికి మాడిసన్ నుంచి
టై కట్టుకున్న ఒకతన్ని.
అతన్నెవరు చూస్తారో నాకు తెలీదు.

ఓర్విల్ టాలక్‌సన్ గేటు దగ్గరే ఉంటాడు.
పలకరింపు వానతో మొదలై వానతోనే ముగుస్తుంది.
టేపు ఒక కొస తనే పట్టుకుంటాడు,
తన మీద తనే సాక్ష్యం చెప్పేవాడిలా, బిగించి.

ఈసారి ఇరవై ఏడు.
మళ్ళీ కొలిచాం. ఇరవై ఏడే.
ఎనిమిది అడుగులు దున్నేశాడని రాయడానికి పెన్ను తీశాను.
ఓర్విల్ ఏమీ అనలేదు. గడ్డి పక్కకి తొలిచి
ఇనప కొయ్య చూపించాడు,
పదకొండేళ్ళ కిందట మా ఆఫీసే పాతింది,
నారింజ రంగు తల వెలిసి గోధుమరంగైంది.
చివరి చాలు దాని ఇవతలే ఆగింది.
కొయ్య కదల్లేదు. చాలు కదల్లేదు.
ఏరు కదిలింది.

పోయిన ఆగస్టు వరదలో, ఒక్క రాత్రిలో,
ఎవరికీ అర్జీ పెట్టుకోకుండా
ఒడ్డు కొరుక్కుంటూ ఇటు జరిగింది.
అవతల గట్టు బెర్నిస్ క్వామ్‌ది.
ఆవిడకి ఎనిమిదడుగులు కలిసొచ్చాయి:
ఇసక, గులకరాళ్ళు, ఎవరిదో ట్రాక్టరు టైరు.
"పట్టుకుపోండి, రసీదు కూడా అక్కర్లేదు" అంది.

మంగళవారం సాయంత్రం కమిటీ.
కోర్టు భవనం నేలమాళిగలో
అయిదు కుర్చీలు, నలుగురు మనుషులు,
మధ్యాహ్నం కాచిన కాఫీ.
గీత పటంలో ఉంది, పటం మారదు, అన్నారొకరు.
ట్రౌట్ చేపకి పటం చదవడం రాదు, అన్నారింకొకరు.
సున్నం రంగు పటం మీద నా వేలు
ఇప్పుడు నీళ్ళుగా ఉన్న చోట పొడిగా ఆగింది.

ఓర్విల్ లేచాడు, టోపీ చేతిలో.
"వదలమంటే వదుల్తాను.
మళ్ళీ జరిగితే మళ్ళీ వదలాలా?
మా ఆవుల కొట్టం దాకా వచ్చాక
దానికి నోటీసు ఎవరిస్తారు?"
ఎవరూ నవ్వలేదు. అతను నవ్వించాలని అడగలేదు.
ఓట్లు రెండూ రెండూ.
జూన్‌కి వాయిదా.

మొక్కజొన్న జూన్ దాకా ఆగదు.

మే చివర్లో వేరే పని మీద పోతూ ట్రక్కు ఆపాను.
పైరు జానెడు లేచింది,
సరిగ్గా కొయ్య దాకా, అంగుళం అటూ ఇటూ కాకుండా,
తాడు పట్టి గీసినంత తిన్నగా.
రాయక తప్పదు. ఫారం తీశాను.
"ఉల్లంఘించినవారి పేరు" అన్న గడిలో
మా ఆఫీసులో ఎవరూ చదవలేని లిపిలో
ఏరు అని రాసి,
కాసేపు చూసుకుని, కొట్టేశాను.

గట్టు మీద కొత్త బీట ఒకటి, వేలు దూరేంత.
దాని మీదుగా గడ్డి
ఇటు వేళ్ళు ఇటే, అటు వేళ్ళు అటే పట్టుకుని వంగి ఉంది.
కింద నీడలో చేపపిల్లలు, నీటి రంగులోనే.
బీటకి ఫారంలో గడి లేదు.
మార్జిన్‌లో రాశాను: పొడవు పద్నాలుగు అడుగులు,
లోతు, నా చెయ్యి అందినంత.