రెండో సగం

జహ్రాల మా గల్లీ చివర
మలయాళీ కోయా బకాలా.
నీళ్ల డబ్బాలు ఎత్తుతుంటే
ఎవరో ఖాళీ చేసిన రూము పాత కాయితాల్ల
దొరికింది, అట్ట లేని తెలుగు నవల.
పేరు తెల్వదు. రాసిందెవరో తెల్వదు.
మొదటి పేజీలనే వాన పడుతున్నది.
నలభై తొమ్మిది డిగ్రీల ఎండల నిలబడి
ఆ వానను రెండుసార్లు చదివిన.

"అది తెలుగేనా?"
పక్క విల్లా వంటామె.
ఒక చేతిల పెరుగు డబ్బా, ఇంకో చేతిల ఖుబ్జు సంచి.
రెడ్డెమ్మ. రాయచోటి అవతల ఏదో పల్లె.
"ఫోన్లో కాదు, కాయితం మింద చూసి
ఐదేండ్లయింది. మందుల చీటీ గూడా అరబ్బే."

ఇద్దరికీ ఒకటే పుస్తకమాయె.
కోయా పుచ్చకాయల కత్తి అడుక్కొని
నూట పన్నెండో పేజీ కాడ వీపు కోసినం.
మొదటి సగం ఆమె ఖుబ్జు సంచిల,
రెండో సగం నా బండి సీటు కింద.

ఎవరు ఎవరి మీద అలిగిండ్రో తెల్వకుండనే
నేను రాజీ కాడికి పోయిన.
శుక్రవారం చెత్త పడేసే యాళ్లకు
డబ్బాల కాడ అయిదు నిమిషాలు.
"ఆ పిల్ల పడవ దిగిందా?" అని ఆమె.
"అసలు ఎందుకెక్కింది?" అని నేను.
నేను "గట్లనే" అంటే ఆమెకు నవ్వు,
ఆమె "యాడికి" అంటే నాకు.

నాలుగు వారాలు "లింబాద్రన్నా" అన్నది.
అయిదో వారం "అన్న" రాలిపోయింది.
ఇద్దరం విననట్టే ఉన్నం.

సగాలు మార్చుకున్నం.
మొదటిది రెండు రాత్రులల్ల మింగిందట,
బట్టల మిషను పక్కన కూసొని,
అది తిరిగే చప్పుడుల పేజీ తిప్పుకుంట.
ఈ సగానికేమో కాళ్లు వచ్చినట్టు లేవు.
పెరుగు రసీదు గుర్తు పెట్టుకుంటది.
నాలుగు పేజీలు మిగిలినయి.
మర్నాటి శుక్రవారం నాలుగే.
ఆ పైవారం గూడా నాలుగే.
"పని ఎక్కువైంది" అంటది
డబ్బా మూత దిక్కు చూసుకుంట.

ముగింపు నాకు తెలుసు.
ఆమె అడగదు. నేను చెప్పను.

మొన్న దుమ్ముగాలి లేచి
రసీదు ఎగిరిపోయింది.
బండ్ల కింద దూరి ఏరుకొచ్చిన,
పేజీ మాట ఎత్తకుండ చేతికిచ్చిన.
రెడ్డెమ్మ కాసేపు వేళ్లతోటి వెతికి
ఆరు పేజీలు వెనక్కి పెట్టింది.