ఫలితం గడి

ఎల్లుండి బార్ అసోసియేషన్ హాల్లో
మా ప్లీడరు జామి కామేశం గారికి శాలువా.
గెలిచిన కేసుల పట్టీ ఒకటి రాసిమ్మన్నారు,
ఒక్క పేజీ దాటకూడదట.

ముప్ఫై ఒక్క ఏళ్ల రిజిస్టర్లు అటక మీంచి దించాను.
అట్టల మీద నాగావళి వరద మరక,
లోపల నా గొలుసుకట్టు రాత.
ప్రతి వరసకీ చివర ఫలితం గడి.
శిక్ష పడితే నల్ల సిరా. విడుదలైతే ఆకుపచ్చ,
గెజిటెడ్ ఆఫీసర్లు వాడే సిరా,
గుమస్తాగాడిని, అక్కడ ఒక్కచోటే వాడుకున్నాను.
సెషన్స్‌లో నూట పన్నెండు పచ్చవి.
అప్పీళ్లలో ముప్ఫై ఎనిమిది.
నల్లవి ఎన్నో ఎవరూ అడగలేదు.
నేనూ లెక్కపెట్టలేదంటే అది అబద్ధం.

మొదటి పచ్చ, లావేరు కేసు.
టార్చి వెలుతుర్లో చూశానన్నాడు సాక్షి.
మా పెద్దాయన లేచి, కళ్లజోడు తుడుచుకుని,
మళ్లీ పెట్టుకుని,
"ఆ టార్చి ఏదీ?" అన్నారు.
పంచనామాలో కత్తి ఉంది, తెగిన చెప్పు ఉంది,
నెత్తుటి మట్టి పొట్లం ఉంది.
టార్చి లేదు.
బెండి తవిటయ్య ఆ సాయంత్రం
ఏడురోడ్ల కూడలిలో రెండు గ్లాసులు చెరుకురసం తాగి
మూడోది నా చేతిలో పెట్టాడు.
చేతులు వణుకుతున్నాయి, సగం నా చొక్కా మీదే.

సీతంపేట కొండల మీంచి సవర దుమ్మయ్య
యావజ్జీవం పడ్డాకగానీ మా మెట్లెక్కలేదు,
ఎక్కిందీ అతను కాదు, అతని బావమరిది.
అప్పీలు కట్ట ఒళ్లో పెట్టుకుని
ఆమదాలవలసలో ఎక్కి హైదరాబాదు దాకా
జనరల్ పెట్టెలో తలుపు పక్కనే కూర్చున్నాను.
వీఆర్వో ముందు ఒప్పుకున్నాడని కాగితం.
చక్కటి తెలుగు, ఒక్క దీర్ఘం తప్పు లేదు.
దుమ్మయ్యకి వచ్చిన తెలుగు సంత తెలుగు:
చింతపండు, ఉప్పు, కిలో, మోసం.
"మైలార్డ్, ఈ వాక్యాలు ఎవరివి?"
దానికే ఏడేళ్లు పట్టింది.
అడవివరం జైలు గేటు బయటికొచ్చేసరికి
తెలుగు బాగా వచ్చేసింది అతనికి.
ఇంటికెళ్తే కూతురు సవరలో ఎవరు నువ్వంది,
జవాబు తెలుగులో వచ్చింది.
ఆ గడిలోనూ పచ్చే పెట్టాను.
ఇంకో రంగు నా దగ్గర లేదు.

ఇక పిల్లా అసిరమ్మ సాక్షిగా వచ్చిన కేసు.
చచ్చినవాడు ఆవిడ కొడుకు.
ముందు మంగళవారమంది, తర్వాత సంత రోజంది,
సంత బుధవారం.
పెద్దాయన గొంతు పెంచనేలేదు.
ఎంత దూరం, ఎన్ని గజాలు, ఏ పక్క నీడ,
అడుగుతూ పోయారు మెల్లగా,
పేనులు చూస్తున్నంత ఓపిగ్గా.
సంశయ లబ్ధి ముద్దాయికి.

వరండాలో ఆవిడ నా పక్కకొచ్చి కూలబడింది.
నాలుగున్నర పొందూరు బస్సు పోయిందట.
"ఏటి రాసినారు బావూ?"
విడుదలన్నాను.
కొంగు చివర ముడి విప్పింది, చిల్లర లెక్కపెట్టుకుంది,
మళ్లీ కట్టింది.
"అయితే మా గుంటడ్ని ఎవులూ సంపనేదనా?"

ఆ రాత్రి ఆఫీసులో పెద్దాయన
కేరేజీ మూత తియ్యలేదు.
"దానికి పచ్చ వద్దు," అన్నారు.
మరి నలుపా అండీ?
చాలాసేపు ఫ్యాను తిరిగింది.
"పెన్సిలుతో రాయి."

పెన్సిలు గీత ఇన్నేళ్లకి వెలిసి
కాగితం రంగులో కలిసిపోయింది,
ఏటవాలుగా పట్టుకుంటేనే మెరుస్తుంది.
దాన్ని కలిపితే నూట పదమూడు.
నూట పన్నెండనే టైపు చేయించి తీసుకెళ్లాను.

పట్టీ పైనుంచి కిందకి చూశారు.
అంకె దగ్గర వేలు ఆగింది. ఏమీ అనలేదు.
టేబులు అద్దం కిందకి తోసి, కిటికీ వైపు తిరిగి,
"పొందూరు బస్సు ఇంకా నాలుగున్నరకేనా?"

ఐదింటికి మార్చారండీ, అన్నాను.
చాలా ఏళ్లయింది.