మిగతాది రేపు

తిరుపతిలో హోల్‌సేల్ వాళ్లు రెండింటికి రమ్మన్నారు.
పన్నెండున్నరకే దిగినాను పలమనేరు బస్సు.
నెత్తిన పెనం పెట్టినట్టు ఎండ.
ఫ్యాన్ల చప్పుడు విని లోపలికి పోయినానే గాని
అది గ్రంథాలయమని, పాత పొత్తాల ప్రదర్శన అని
బోర్డు చదివింది తర్వాతే.

రిజిస్టరులో వృత్తి దగ్గర
విత్తనాల అంగడి అని రాసినాను.
నా పైన వరసగా ముగ్గురు ప్రొఫెసర్లు. కింద ఖాళీ.

గాజు పెట్టెల్లో దూది మీద
నెల తక్కువ బిడ్డల మాదిరి పడుకోనుండాయి తాటాకులు.
ముట్టరాదు. వంగి ఊపిరి వదలరాదు.
మునిలక్ష్మి అనే పిల్ల, చేతులకు తెల్ల తొడుగులు,
ఆకుకి దీపపు మసి పూసి
నిమ్మగడ్డి నూనెతో తుడస్తా ఉంది.
తుడిస్తే పోవాల గదా,
ఈడ తుడిస్తే వస్తుండాయి అక్షరాలు.

పద్నాలుగో పెట్టె. పశువుల వైద్యం.
అసమగ్రం, రాసినవారు తెలియదు, అని చీటీ.
మాటకీ మాటకీ సందు లేదు, అంతా ఒకటే ఊపిరి.
పురుగు మాత్రం అడ్డంగా చదవలేదు,
పై ఆకు నుంచి కింది ఆకుదాకా నిలువునా చదివి పోయింది.
కూడబలుక్కుంటా పోతే
గాలికుంటు అనే మాట దొరికింది,
వేపచెక్క దొరికింది, ఆ తర్వాత బొక్క.

అంచున చీమ తలంత అక్షరాలు.
ఆ పిల్లే చదివి చెప్పింది:
వాన. దీపంలో చమురు లేదు. మిగతాది రేపు.

తర్వాతి ఆకు?
లేదు సార్. కట్టలో ఇదే ఆఖరు.

నవ్వొచ్చింది నాకు.
ముప్పై ఏండ్లుగా కల్లాపెట్టె ముందర వినే మాటే.
సగం లెక్క పెట్టి, చేతులు దులుపుకుని,
మిగతాది రేపు న్నా, అంటారు.
కొందరి రేపులు ఇంకా నా అరువు పుస్తకంలోనే ఉండాయి.
ఈయన మాత్రం ఎగ్గొట్టే రకం కాదు.
ఎగ్గొట్టేవాడు
చమురు లేదని రాసి పెట్టి పోడు.

రెండు దాటిపోయింది. హోల్‌సేల్ వాడు కసిరినాడు.
మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు వాన పట్టుకుంది,
బస్సు అద్దం మూసుకోలేదు, భుజం తడిసింది.

షట్టరు సగం దించినాక రెడ్డెమ్మ వచ్చింది.
ఆవు కాలు కింద పెట్టలేదంట, నోరంతా పుండంట.
పశువుల డాక్టరు నంబరు చీటీ మీద రాసిచ్చి
ఊరికే ఉండలేక
తాటాకు సంగతీ చెప్పినాను, వేపచెక్క దాకా.

ఊఁ, అనింది.
చీటీ కొంగున ముడేసుకోని
అట్లే నిలబడింది,
ఇంకా ఏదో చెప్తానని.