పదికి ఏడున్నర

ఆట పేరు 'ఆఖరి రేవు'.
ఆరేళ్ళ తర్వాత వచ్చింది దాని రెండో భాగం.
"ఆఖరిదన్నాక మళ్ళీ రేవేంటే?" అంది అమ్మ,
క్రోషా సూది మీంచి చూపు తియ్యకుండా.

తీర్పులు అప్పటికే వచ్చేశాయి.
ఒకాయన: బొమ్మ బ్రహ్మాండం, గుండె లేదు.
ఒకావిడ: గుండె ఉంది, నడక లేదు.
మొదటి భాగాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళే
దీన్ని దాని పక్కన నిలబెట్టి
ఎత్తు కొలుస్తున్నారు,
పెళ్ళిచూపుల్లో అక్కతో చెల్లెల్ని కొలిచినట్టు.

నేనూ కొలిచాను.
నరసాపురంలో, మేడ మీది రేకుల గదిలో,
కరెంటు పోతూ వస్తూ ఉన్న ఆరు రాత్రులు,
నలభై ఒక్క గంటలు ఆడి
ఆదివారం పేజీకి రాసి పంపాను:
"కథ అల్లిక వదులు. మధ్యలో సాగతీత.
పడవవాడి కూతురి ఘట్టం తీసేసినా నష్టం లేదు.
పదికి ఏడున్నర."

"ఏడున్నరా!" అమ్మ నవ్వింది.
"ఏలినాటి శనిని అంటగట్టావు కదే, పాపం.
ఎంతమంది కట్టారా ఆటని?"
మూడొందల మంది పైనే, అన్నాను.
చివర్లో పేర్లు పైకి పాకుతూ పోతాయి
పదకొండు నిమిషాలు.
నేను చూడలేదు. నొక్కేశాను.

మర్నాడు మధ్యాహ్నం లేసు ఏజెంటు చక్రధరం వచ్చాడు.
బల్లగుడ్డ విప్పి ఎండకెత్తి పట్టాడు.
నాలుగు నెలలు. నలభయ్యో నంబరు దారం.
అమ్మ తన బుర్రలోంచి తీసిన కొత్త పువ్వు.
"బానే ఉందండి. కానీ పోయినేడు వేశారు చూడండి,
ఆ పువ్వు ముందు ఇదేం పువ్వండి."
నూటయాభై తగ్గించి చేతిలో పెట్టాడు.
"ఇదుగో, ఇక్కడ అల్లిక వదులండి,"
వేలు దూర్చి మరీ చూపించాడు.
నా మాటే. అక్షరం మారలేదు.

స్కూటరు మలుపు తిరిగాక అంది అమ్మ:
"కన్నాలుంటేనే లేసు.
బిగించుకుంటా పోతే గోనెపట్టా అవుద్ది."
కాసేపాగి,
"అయినా అక్కడ వదులే. అతనన్నది నిజమే.
చెయ్యి వాచిన వారంలో వేసిన వరస."

ఆ రాత్రి ఆట మళ్ళీ తెరిచాను.

మొదటి భాగంలో పడవవాణ్ణి
వరదలో వదిలేసింది నేనే.
మందుల పెట్టె కావాలా, మనిషి కావాలా అంటే
పెట్టె అన్నాను. ఆరేళ్ళ కిందటి నొక్కు.
ఇప్పుడతని కూతురు తాడు పట్టుకుని
రేవులో నిలబడి ఉంటుంది.
మంచు. నీళ్ళ చప్పుడు.
నాలుగు నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడరు.
సాగతీత అన్నది దీన్నే.
"మా నాన్నని చూశారా?" అంటుంది.
నిజం చెప్పొచ్చు. అబద్ధం చెప్పొచ్చు.
తొలిసారి అబద్ధం చెప్పేసి గబగబా దాటాను,
తెల్లారితే గడువు, మార్కులెయ్యాలి కదా.

ఈసారి ఏదీ నొక్కలేదు.
సఖినేటిపల్లి నుంచి ఆఖరి పంటి
వశిష్ఠని అడ్డంగా దాటుతున్న మోత.
తెరమీద పిల్ల ఎదురుచూసింది.
ఇంకా చూసింది.
తర్వాత తాడు ముడి విప్పి, కొసని
నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఈ సంగతి ఏ సమీక్షలోనూ లేదు.
నాదాంట్లో అసలే లేదు.

పొద్దున్నే ఫోన్ చేశాను, మార్కు మార్చొచ్చా అని.
"పేజీ అచ్చుకెళ్ళిపోయిందమ్మా," అన్నాడు సంపాదకుడు.
"అయినా, మార్చి ఎంత వేస్తావు?"
ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది.

కిందికి దిగితే
అమ్మ గడప మీద కూచుని మళ్ళీ మొదలెట్టింది.
చక్రధరం మెచ్చిన పువ్వే, పోయినేటిదే.
దానికి ఎనిమిది రేకులు.
పక్కన కూచుని లెక్కపెట్టాను.
తొమ్మిదున్నాయి.